రాజీ గ్లాసులు

మా ఆయన వంశీధర్‌రావుకు జిన్ అంటే ప్రాణం. కన్నబిడ్డ కంటే ఎక్కువా అని ఎవరైనా అడిగి ఉంటే, ఈ కథ జరిగిన వారమంతా నేను అవుననే చెప్పేదాన్ని. కోపంలో రాస్తున్నాను కాబట్టి మాట కొంచెం అటూ ఇటూ పోవచ్చు. తగ్గించి చెప్పడం నాకు పుట్టుకతో రాలేదు.

ముందు ఆయన కూడా అందరిలాగే విస్కీ తాగేవాడు. దోస్తులతో గోవా పోయి వచ్చాక మనిషి మారిపోయాడు. విస్కీ మోటు తాగుడట, జిన్ అయితే కళ అట. మంచిర్యాలలో ఎరువుల దుకాణం నడిపే మనిషికి యాభై దాటాక కళ పుట్టుకొచ్చింది. హాల్లో నా కుట్టుమిషను ఉన్నచోట గాజు తలుపుల అల్మారా చేయించాడు. కుట్టుమిషను వెనక వరండాలోకి పోయి వానకు తడిసింది. అల్మారాలో ఒక అరలో లండన్ డ్రై రకాలు, ఒక అరలో గోవాలో చేసినవి, అన్నిటికంటే పైన ఎవరో దుబాయి నుంచి తెచ్చిన నీలం సీసా. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు సీసా మూత తీసి వాళ్ల ముక్కు దగ్గర పెట్టేవాడు.

"వాసన చూడుండ్రి. ముందుగాల జునిపర్ కాయ వస్తది. దాని ఎనుక ధనియాలు, గా ఎనుక నిమ్మతొక్క, యాలకులు" అని పాఠం చెప్పేవాడు.

ఆ జునిపర్ ఒక్కటి తప్ప అన్నీ నా పోపుల డబ్బాలో ఉన్నవే. నా వంటను ఒక్కనాడన్నా అట్లా వాసన చూసిన పాపాన పోలేదు.

కలిపే పని మాత్రం నాది. ఆయనకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవదు, ఇక షేకర్ ఏం ఊపుతాడు. అందుకని ఆయన కుర్చీలో కూచొని చెప్పేవాడు, నేను నిలబడి చేసేదాన్ని. మార్టినీని ఊపొద్దు, పొడుగు చెంచాతో మెల్లగా తిప్పాలి. గిమ్లెట్‌ను మాత్రం చేతులు మొద్దుబారేదాకా ఊపాలి. నెగ్రోనీలో పడే మూడు రకాల మందూ సమానంగా పోయాలి. మార్టినీలో, నెగ్రోనీలో జిన్‌తో కలిపే వెర్మూత్ అనేది ద్రాక్షతో చేసేది, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టకపోతే పాడైపోతుంది. ఇవన్నీ నాకు నోటికి వచ్చేశాయి. రుచి చూడకుండా ఒక్క గ్లాసు కూడా వంటింట్లోంచి బయటికి పంపలేదు నేను. తాగినవాళ్లు ఆయన భుజం తట్టి, నీ చేతిల ఏదో ఉన్నది బావా అని మెచ్చుకునేవాళ్లు. ఆయన నవ్వుకుంటూ ఊరుకునేవాడు. నేను లోపల గ్లాసులు కడుక్కునేదాన్ని. అది వేరే కోపం. ఇప్పుడు చెప్పబోయేదాని ముందు అదెంత.

మాకు ఒక్కతే బిడ్డ, ప్రజ్ఞ. కరీంనగర్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. అక్కడే భూపాల్‌రావు అనే గ్రానైటు వ్యాపారి ఇంటికి కోడలిగా ఇచ్చాం. అల్లుడి పేరు ఇక్కడ రాయను. నోటితో పలకడం మానేసిన పేరును చేత్తో రాసి కాగితం ఖరాబు చేయడమెందుకు.

ఒక బుధవారం పొద్దున ప్రజ్ఞ చిన్న సంచితో బస్సు దిగి ఇంటికి వచ్చింది. ఎడమ చెవిలో దూది ఉంది. ఏమైందంటే వెంటనే చెప్పలేదు. చాయ్ తాగింది, తానం చేసింది, జుట్టు ఆరబెట్టుకుంటూ అప్పుడు చెప్పింది. ఫోన్ చేసింది ఎవరని మొగుడు అడిగాడట. ఆఫీసుదని చెప్పిందట. ఆఫీసు ఫోన్‌కు నవ్వెందుకని చెంపను, చెవిని కలిపి ఒక్కటి కొట్టాడట. కరీంనగర్‌లోనే డాక్టరు చూసి చెవి లోపల పొర చిరిగిందన్నాడట. మళ్లీ అతుక్కుంటుందా, వినికిడి వస్తుందా అనేది నెలలు ఆగితే గాని తెలియదట. ఇది మొదటిసారి కూడా కాదట. మొదటిసారే అయినా నేను ఇట్లాగే రాసేదాన్ని.

"నేను మల్ల ఆ ఇంటికి పోనవ్వా" అన్నది నాతో. ఏడవలేదు. నేనే ఏడ్చాను. నాకు కోపమొస్తే ముందు కళ్లకే వస్తుంది.

సాయంత్రం మా ఆయన దుకాణం నుంచి వచ్చి బిడ్డ చెవి చూశాడు. మొహం మాడిపోయింది. ఫోన్ తీసుకొని వరండాలోకి పోయాడు. కరీంనగర్‌కు ఫోన్ చేసి భూపాల్‌రావును దులిపేస్తున్నాడని నేను సంబరపడ్డాను. చెవి పెట్టి వింటే, ఆయన మాట్లాడుతున్నది లక్ష్మీరాజంతో. లక్ష్మీరాజం అంటే బోథ్‌లో పత్తి వ్యాపారం చేసే పెద్దమనిషి, ఈ సంబంధం కుదిర్చింది ఆయనే. మా చుట్టాల్లో ఎక్కడ తగువు వచ్చినా నడుమ కూచునేది కూడా ఆయనే. "ఐతారం కూసుందమన్నా, మా ఇంట్లనే కూసుందం" అంటున్నాడు మా ఆయన.

మా దిక్కు కూచోవడం అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. రెండు దిక్కులవాళ్లూ, నడుమ ఒక పెద్దమనిషీ కూచొని మాట్లాడుకుంటారు. మాట కుదిరితే అందరూ కలిసి తాగుతారు. ఎనకట కల్లు, తర్వాత విస్కీ, ఇప్పుడు మా ఇంట్లో జిన్. గ్లాసు ఎత్తేదాకా ఎవరైనా కాదని లేచి పోవచ్చు. కలిసి తాగాక మాత్రం మాట తిరగడం ఉండదు. రాసుకున్న కాగితాలను చింపి కోర్టులకు పోయినవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. కలిసి తాగి మాట తప్పినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడూ లేడు. మా మామగారు బోథ్ దగ్గర చెలక గట్టు తగువులో తనకు అన్యాయం జరిగిందని తెలిసి కూడా, తాగిన గదా అని చచ్చేదాకా నోరెత్తలేదు. దేవుడి మీద ఒట్టు పెట్టి అబద్ధమాడతారు ఈ మగవాళ్లు, గ్లాసు దగ్గర మాత్రం ఆడరు.

శనివారం ఆయన్ను నిలదీశాను.

"ఏమని రాజీ చేస్తరు?"

"మల్ల గట్ల కాకుంట చూస్కుంటనని భూపాల్‌రావు బావ మాటిస్తడు. మనం బిడ్డను పంపుతం."

"బిడ్డ పోనన్నది గదా."

"ఇప్పుడు కోపంల ఉన్నది. నాలుగు దినాలైతే అదే సల్లబడ్తది."

"నేను గూడ కోపంలనే ఉన్న."

"నువ్వు కోపంల లేనిదెప్పుడు" అన్నాడు.

"ప్రజ్ఞను కూసోపెడ్తరా రేపు?"

"దానికెందుకు పెద్దల నడుమ? జానకీ, ఇది ఇజ్జత్ ముచ్చట. నలుగురి నోట్ల నానితే మనకే మంచిగుండది. మాట్లాడేది మేం చూస్కుంటం. గ్లాసులు నువ్వు చూస్కో."

సరేనన్నాను. ఆయన చెప్పిన పని నేను సరిగ్గా చేశాను. ఇందులో నన్ను ఎవరూ తప్పుపట్టడానికి లేదు.

మా ఆయన ఆ సాయంత్రమంతా అల్మారా ముందు నిలబడి ఏ జిన్ తీయాలా అని ఆలోచించాడు. గోవాది తీసి, వద్దని పెట్టి, లండన్ డ్రై తీసి, దాని మీద ఉన్నదంతా చదివి, అదీ పెట్టేశాడు. బిడ్డకు సంబంధం చూసేటప్పుడు ఇంత ఆలోచన పెట్టి ఉంటే ఈ పూట ఈ కూచోవడమే ఉండేది కాదు. చివరికి నీలం సీసా తీసి, "రేపు గిదే. బావకు మార్టినీ చేద్దం" అన్నాడు.

మార్టినీ అంటే నా ఉపాయం చెడినట్టే. ఎందుకంటే అప్పటికే నా మనసులో ఒకటి అనుకున్నాను. తాగితేనే కదా మాట కట్టుబడేది. తాగకుండానే తాగామనుకుంటే? వాళ్ల గ్లాసుల్లోకి జిన్ పోకపోతే ఆ రాజీ రాజీయే కాదు, వాళ్ల కట్టుబాటు ప్రకారమే కాదు. కానీ మార్టినీ అంటే దాదాపు మొత్తం జిన్నే. దాంట్లోంచి జిన్ తీసేస్తే మిగిలేది ఆలివ్ కాయ.

అందుకని ఆయన తానానికి పోయినప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న వెర్మూత్ మొత్తం సింకులో పారబోసి, ఖాళీ సీసా గట్టు మీద పెట్టాను. వెర్మూత్ పాడైంది, పారబోశానని చెప్పాను.

"ఫ్రిజ్ బయట పెట్టినవా?"

"పెట్టిన. లోపల పెట్టుడు యాది మర్చిన."

అబ్బో, ఎంత కోపం వచ్చిందో ఆయనకు. నీకెన్నిసార్లు చెప్పిన, ఒక్క వస్తువు విలువ తెలుస్తదా నీకు అని ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు. బిడ్డ చెవి చూసినప్పుడు ఇందులో సగం గొంతు కూడా లేవలేదు. పళ్లు ఎంత గట్టిగా కొరుక్కున్నానో తర్వాత అన్నం తింటుంటే తెలిసింది.

వెర్మూత్ లేకపోతే మార్టినీ లేదు, నెగ్రోనీ లేదు. గిమ్లెట్ చేద్దామా అన్నాడు. ఎండలు మండుతున్నయి, లక్ష్మీరాజం అన్నకు బీపీ ఉన్నది, అంత ఘాటు ఎందుకు, టామ్ కాలిన్స్ చేస్తానన్నాను. పొడుగు గ్లాసులో జిన్, నిమ్మరసం, చక్కెర పాకం, పైన సోడా. వినడానికే చల్లగా ఉంటుంది. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కరీంనగర్ కారు వచ్చింది. భూపాల్‌రావు, ఆయన కొడుకు దిగారు. లక్ష్మీరాజం అంతకుముందే వచ్చి కూలరు ఎదురుగా కూచున్నాడు. అల్లుడు వంగి నా కాళ్లకు దండం పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. వాడి చెయ్యి నేలకు తగిలింది. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు. ప్రజ్ఞ లోపలి గదిలో తలుపు ఓరగా వేసుకొని కూచుంది. ఆమెను ఎవరూ పిలవలేదు, ఎట్లున్నది అని కూడా అడగలేదు.

నేను సర్వపిండి, పల్లీలు పెట్టి వంటింట్లోకి వచ్చాను. అక్కడి నుంచి అంతా వినబడుతుంది.

"గా ముచ్చట విన్నకాంచి నాకు నిద్ర లేదు బావా" అన్నాడు భూపాల్‌రావు. "పిల్లగాడు జర తొందరపడ్డడు. దిల్ మాత్రం మంచిది."

"మొగుడు పెండ్లాం అన్నంక ఏదో ఒకటి అయితది" అన్నాడు లక్ష్మీరాజం.

"అయింది. ఇగ గట్ల కావద్దు" అన్నాడు మా ఆయన.

వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ముచ్చట అంటారు, తొందర అంటారు, అయింది అంటారు. అదేదో వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు దానంతట అదే అయినట్టు మాట్లాడుతున్నారు. కొట్టాడు అన్న మాట ముగ్గురిలో ఒక్కడి నోటి నుంచి రాలేదు. కొట్టినవాడేమో పల్లీలు పొట్టు తీసుకుంటూ తింటున్నాడు. ఆఖరికి తొంగి చూస్తే మా ఆయన చేతులు జోడించి ఉన్నాడు. చెవి పోగొట్టుకున్న పిల్ల తండ్రి, ఇంకోసారి అట్లా కానీయకండి అని వాళ్లకు దండం పెడుతున్నాడు. సిగ్గుతో, కోపంతో నా చేతిలో నిమ్మకాయ నలిగిపోయింది.

"పెద్దమనిషిగ నేనంటున్న. బేస్తారం మంచిగున్నది. ఆ దినం వచ్చి పిల్లను తీస్కపోండ్రి" అన్నాడు లక్ష్మీరాజం. బేస్తారం అంటే గురువారం, నడుమ మూడే రోజులు.

"నాకు సమ్మతమే" అన్నాడు భూపాల్‌రావు.

"సరే" అన్నాడు మా ఆయన. ఆ సరేను నేను బతికున్నంత కాలం మరిచిపోను.

"జానకీ, గ్లాసులు తే" అని కేకేశాడు.

నేను ఎప్పుడూ చేసినట్టే హాల్లోకి పోయి నీలం సీసా తీసుకొని వచ్చాను. సీసా ఖర్చయినట్టు కనబడాలని అందులోంచి సగం స్టీలు గిన్నెలోకి వంపి మూత పెట్టాను. పొద్దుననే ధనియాలు, యాలకులు నలగ్గొట్టి, నిమ్మతొక్క వేసి నీళ్లలో నానబెట్టి ఉంచాను. గొంతు దిగేటప్పుడు మంట లేకపోతే మగవాళ్లు నమ్మరు, అందుకని అల్లం దంచి రసం పిండి పలచటి గుడ్డలో వడగట్టాను. జిన్ పోయాల్సిన కొలత లెక్కన ఆ వాసన నీళ్లు పోశాను. నిమ్మరసం, చక్కెర పాకం, అల్లం రసం వేసి మంచుతో కలిపి ఊపాను. పొడుగు గ్లాసుల్లో పోసి పైన సోడా నింపాను. చివరికి వేలు జిన్‌లో ముంచి గ్లాసుకు బయటి దిక్కున, మూతి తగలనిచోట రాశాను. ముక్కు దగ్గరికి రాగానే వాసన కొట్టాలి కదా. ఒక గుక్క నేను తాగి చూశాను. బాగుంది. కోపంలో చేసినా నా చెయ్యి తప్పు చేయదు.

నలుగురూ గ్లాసులు ఎత్తారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మా ఆయన ముందు వాసన చూశాడు, కళ్లు మూసుకున్నాడు, ఒక గుక్క నోట్లో తిప్పి మింగాడు.

"చూసినవా బావా, గీ మంట? దీంట్ల సొంఠి పడ్తది. గీ బాటిల్‌కు గదే ఖాసియత్" అన్నాడు.

"మంచి మాలు. ఘాటు బాగనే ఉన్నది" అన్నాడు భూపాల్‌రావు.

రెండో గ్లాసుకు లక్ష్మీరాజానికి నాలుక మందమైంది. తల అటూ ఇటూ ఊపుతూ, తాను చేసిన రాజీలన్నీ చెప్పుకొచ్చాడు. అల్లుడు కళ్లు ఎర్రగా చేసుకొని, "అత్తమ్మా, జర స్ట్రాంగ్ చేయండి" అన్నాడు. స్ట్రాంగ్ చేశాను, ఇంకో చెంచా అల్లం వేశాను. తాగి దగ్గాడు.

భూపాల్‌రావు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "కల్సి తాగినం. ఇగ గీ ముచ్చట ఎవ్వలు ఎత్తేది లేదు. చెల్లె, పిల్లకు చెప్పు, బేస్తారానికి బట్టలు సదురుకొమ్మను."

నేను వంటింట్లోకి పోయి సీసా, స్టీలు గిన్నె తెచ్చాను. వాళ్ల ఎదురుగా బల్ల మీద పెట్టి, గిన్నెలో ఉన్నది మెల్లగా సీసాలోకి వంపాను. సీసా మెడ దాకా నిండింది.

"ఏం తాగిండ్రన్నా మీరు?" అన్నాను. "నిమ్మకాయ సోడ తాగిండ్రు. మంట కోసం అల్లం నేనే ఏసిన."

మా ఆయన గ్లాసు అడుగున మిగిలింది నోట్లో పోసుకొని చూశాడు. సొంఠి వాసన పట్టిన మనిషికి ఇప్పుడు రుచి తెలిసింది. ఇందాకటిదాకా తల తూలుతున్న లక్ష్మీరాజం నిటారుగా కూచున్నాడు. అల్లుడి కళ్లలో ఎరుపు ఎటు పోయిందో.

"ఇంటికి పిలిచి మోసం జేస్తరా?" అని లేచాడు భూపాల్‌రావు.

"నా ఇజ్జత్ తీసినవ్ జానకీ" అన్నాడు మా ఆయన.

"మీ ఇజ్జత్ గ్లాసుల ఉన్నదా? నా బిడ్డకు ఒక చెవి వినస్తలేదు. మీరు నలుగురు కూసోని పల్లీలు తిని, దాన్ని బేస్తారం నాడు పంపుతనని సరే అన్నరు. తాగితే మాట తిరుగుడు లేదంటిరి. తాగలే. ఇగ లేచి పోండ్రి" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కింటివాళ్లు విని ఉంటారు. విననీ.

లక్ష్మీరాజం గొంతు సవరించుకున్నాడు. "ఆమె అన్నది నిజమే. తాగనిది తాగినట్టు కాదు. రాజీ కాలే."

"కాకుంటే ఇప్పుడైతది" అన్నాడు భూపాల్‌రావు, మళ్లీ కూచున్నాడు. "వంశీధర్ బావా, ఆడోళ్ల చేతికి ఇచ్చుడు కాదు. నీ చేతులతోని నువ్వు పొయ్యి. మా కండ్ల ముంగట పొయ్యి. గప్పుడు చూద్దం నీ మాట ఉంటదో పోతదో."

మా ఆయన లేచాడు. నా వైపు చూడలేదు. అల్మారా తెరిచి చిన్న గ్లాసులు నాలుగు తీశాడు. నీలం సీసా అందుకొని, మంచు లేదు నిమ్మ లేదు, ఉత్త జిన్ పోయడం మొదలుపెట్టాడు. నా దగ్గర ఇంకో ఉపాయం లేదు. చెయ్యగలిగింది చేశాను, అయిపోయింది. ఆయన చెయ్యి పట్టుకొని లాగాలనిపించింది, ఈ వయసులో నలుగురి ముందు మొగుడితో పెనుగులాడాలా అనిపించింది. ఆ రెండింటి నడుమ అట్లాగే నిలబడిపోయాను. నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు ప్రజ్ఞ బయటికి వచ్చింది. చెవిలో దూది అట్లాగే ఉంది. ఎవరూ కూచోమనకుండానే, మా ఆయన నిలబడ్డ దిక్కున ఖాళీ కుర్చీ లాక్కొని కూచుంది.

"బాపూ, నాకు గూడ పొయ్యి" అన్నది.

"ఆడపిల్లకు గిదేం పని?" అన్నాడు భూపాల్‌రావు.

"రాజీ నాది గదా మామయ్యా. నేను తాగకుంటే ఎట్లయితది? తాగుత. ముందుగాల మీ కొడుకును ఒక్క మాట అననీండ్రి. నేను కొట్టిన అని. గంతే."

అల్లుడు తండ్రి మొహం చూశాడు. "గా దినం ఏదో గట్ల అయింది ప్రజ్ఞా. నేను ఫీల్ అవుతున్న గదా."

"అయింది కాదు. కొట్టిన అను."

"ఎందుకు బిడ్డా గవన్ని మల్ల తవ్వుడు" అన్నాడు లక్ష్మీరాజం.

ప్రజ్ఞ ఆయన మాట పట్టించుకోలేదు. "బాపూ, నువ్వన్న అడుగు. నేను వచ్చినకాంచి నువ్వు గూడ అడగలే. మాట్లాడుత మాట్లాడుత అన్నవ్. గీ మాట ఒక్కటి అడగలే."

మా ఆయన ఆమెకు ఎడమ దిక్కున సీసా పట్టుకొని నిలబడ్డాడు. మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేట్టు వంగి ఏదో అన్నాడు. లోపలికి పో బిడ్డా అన్నాడు, నాకు వినబడింది. ప్రజ్ఞకు వినబడలేదు. ఆమె ఎదురుగానే చూస్తూ కూచుంది. ఆయన చెవి పక్కనే ఉన్నాడు, ఆమె కదలలేదు. మళ్లీ అన్నాడు. అప్పుడు ఆయన నీడ చూసో ఏమో, మొహమంతా తిప్పి, "ఏంది బాపూ? ఏమన్నన్నవా?" అని అడిగింది.

మా ఆయన చాలాసేపు ఆ దూది వైపే చూశాడు. తర్వాత తల ఎత్తి అల్లుడిని అడిగాడు.

"కొట్టినవా?"

"మామయ్యా, గా దినం నేను టెన్షన్ల ఉంటి..."

"కొట్టినవా, లేదా?"

"చెయ్యి లేసింది మామయ్యా."

"ఎవని చెయ్యి?"

వాడు ఆ చేతిని బల్ల కిందికి లాక్కున్నాడు. భూపాల్‌రావు ఏదో అనబోతే లక్ష్మీరాజం వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఆయన సీసా బల్ల మీద పెట్టాడు. పోసిన గ్లాసులు ఒక్కొక్కటే తీసుకొని మంచు బకెట్‌లో గుమ్మరించాడు. పట్టేసిన చేత్తోనే చేశాడు, ఎడమ చెయ్యి వాడాలని కూడా తోచలేదు. అన్నీ అయ్యాక ఖాళీ గ్లాసులు బోర్లించాడు.

"ఏంది బావా గిది?" అన్నాడు భూపాల్‌రావు.

"మందు అయిపోయింది బావా" అన్నాడు మా ఆయన.

ఆయన వెనక గాజు తలుపులు తెరిచే ఉన్నాయి. అరలన్నీ సీసాలే. బల్ల మీద నీలం సీసా దాదాపు నిండుగానే ఉంది. భూపాల్‌రావు ఆ అల్మారాను చూశాడు, సీసాను చూశాడు, మా ఆయన మొహం చూశాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. కొడుకు వెనకే పోయాడు. లక్ష్మీరాజం కాసేపు కూచొని, నాకు దండం పెట్టి, ఆయన కూడా పోయాడు.

నా కోపం తగ్గలేదు. కొట్టినవా అన్న మాట బుధవారం సాయంత్రమే అడగాల్సింది. బిడ్డ కుర్చీలో కూచొని అడగమని చెప్పేదాకా ఆగాడు. వాళ్ల కారు గేటు దాటకముందే ఆయన మొహం మీద ఈ మాట అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన కుర్చీ తీసుకొని అటు నుంచి ఇటు తిరిగి వచ్చి, ప్రజ్ఞ కుడి చెవి దిక్కున వేసుకొని కూచున్నాడు.